గురువారం దాటని బిల్లులు

"ఏమప్పా జయంతూ, ఈరోజు బుధవారమా, గురువారమా?"

కొలిమిగుండ్లలో మందుల షాపున్న ఆదినారాయణ, జయంత్ వాళ్ల హోల్‌సేలు దుకాణంలో బిల్లును కౌంటరు మీద పరిచి, తేదీ ఉన్నచోట వేలు పెట్టి అడిగాడు.

"బుధవారమే అన్నా."

"మరి మీ మిషను పోయిన గురువారం కాడే కూర్చునిందే! సోమవారం తీసుకపోయిన సరుక్కీ గురువారమే, ఈరోజు దానికీ గురువారమే. డ్రగ్ ఇన్‌స్పెక్టరు అడిగితే ఏం చెప్పల్ల? నంద్యాల్లో వారానికంతా ఒకటే దినమని చెప్పల్లనా?"

వెనక నిలబడ్డ వాళ్లు నవ్వారు. జయంత్ నవ్వలేదు. అచ్చయిన తేదీని కొట్టేసి, పైన చేత్తో సరైన తేదీ వేసి, సంతకం పెట్టాడు. ఈ వారమంతా అతను చేస్తున్న పని అదే.

"మీ చిన్నమ్మ ఇంగా పట్టు ఇడవలేదా?" ఆదినారాయణ గొంతు తగ్గించాడు గానీ తగ్గవలసినంత తగ్గించలేదు.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న హనుమంతయ్య తల ఎత్తాడు. "ఆదినారాయణా, సరుకు చూసుకున్యావా?"

"చూసుకుంటి పెద్దయ్యా."

"అయితే బస్సు పోతాది. బేగా పో."

ఆదినారాయణ వెళ్లిపోయాడు. తండ్రి వైపు ఒకసారి చూసి, జయంత్ కౌంటరు వదిలి వెనక గది తలుపు తోశాడు.

ఆ గది, దుకాణం, మధ్యలో ఒక్క పలచని గోడ. గదిలో మూలన ఇనుప స్టాండు మీద బిల్లులు నడిపే పాత యూనిక్స్ కంప్యూటరు మిషను గుయ్యిమని ఏకధాటిగా మోగుతోంది. దాని ముందు బల్ల మీద ఒక చోట మాత్రం దుమ్ము లేని చదరం ఉంది. పోయిన శుక్రవారం కరెంటు ఎక్కువై కాలిపోయేదాకా అక్కడ దాని తెరా, కీబోర్డూ కలిసిన టెర్మినలు ఉండేది. ఇప్పుడు ఆ చోట జయంత్ తగిలించిన లాప్‌టాప్ మూతపడి ఉంది. లక్ష్మీకాంతమ్మ దాని ఎదుట, ఒడిలో చేతులు పెట్టుకొని కూర్చుంది.

"చిన్నమ్మా, నన్ను నలుగుర్లో ఎర్రోన్ని చేస్తాండావు."

"తేదీని నేను ఆపలేదు జయంతూ."

"పొద్దున్నే పాస్‌వర్డ్ కొట్టి రోజు తెరిసేది నువ్వు. తెరవంది నువ్వు. ఇంగెవురు ఆపినట్ల?"

ఆమె కొంగుతో లాప్‌టాప్ మూత తుడిచింది.

"ఆ పాస్‌వర్డ్ చెప్పు, సాలు. నువ్వు ముట్టుకోను గూడా అక్కర్లే. ఆళ్లగడ్డ నుంచి ఆ కంప్యూటర్ల పిల్ల ఫెబా వచ్చి దీంట్లో ఉండేదంతా లినక్స్ మిషన్లోకి ఎత్తుకుంటాది. దీన్ని చేసిన కంపెనీనే లేదిప్పుడు. స్పేరు యాడా దొరకదు. లైసెన్సు ఈ డబ్బాకే కట్టేసినారు, ఇంగోదాంట్లోకి ఎక్కదు. ఇవన్నీ నాకు చెప్పింది ఎవురు? నువ్వే కదా! ఆ పొద్దు లినక్స్‌కి మారదామని నువ్వంటే నాయన వద్దన్యాడు. ఇప్పుడు నాయన సరే అన్యాడు, నువ్వు వద్దంటాండావు. ఏంది ఈ కత?"

"నేను వద్దనలేదు."

"ఇవ్వను అంటివే! గుమాస్తాలందరి ముందర!"

ఆమె అన్న మాట నిజమే.

"నాకర్థమైందిలే," అన్నాడు జయంత్. "అది నీ కాడ ఉన్నన్ని దినాలు అందరం నీ కాడికి రావల్ల. అంతే కదా?"

అన్న వెంటనే అతని ముఖం మారింది. వెనక్కి తీసుకోవాలనుకున్నాడేమో. అంతలో మిషను లోపల ఏదో గరగరమని గీరుకొని, మళ్లీ మామూలు శబ్దంలోకి వచ్చింది. ఇద్దరూ అటే చూశారు. ఆ గరగర సంగతి ఫెబా ముందే చెప్పింది. అది డిస్కు అరిగిన చప్పుడు. తిరుగుతున్నంతసేపు తిరుగుతుంది. ఆగిందంటే మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు.

జయంత్ తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

*

లక్ష్మీకాంతమ్మ పాస్‌వర్డ్ దాచుకోలేదు. మరిచిపోయింది.

ఇంట్లో ఎవరికీ తెలియని ఆ నిజానికి ఒక క్రమం ఉంది. ఆమె తిరుపతిలో స్టాటిస్టిక్స్ చదివి ఈ ఇంటి చిన్నకోడలుగా వచ్చిన రోజుల్లోనే, మందుల హోల్‌సేలు వ్యాపారానికని హనుమంతయ్య ఈ మిషను కొన్నాడు. తమ్ముడు విజయభాస్కర్ ఆళ్లగడ్డ బ్రాంచి చూసుకునేవాడు. అతని భార్య లక్ష్మీకాంతమ్మ నంద్యాలలో మిషను చూసుకునేది. దాని తాళంమాట కాగితం మీద పెట్టకూడదన్నది హనుమంతయ్య పెట్టిన కట్టు. విజయభాస్కర్ చనిపోయిన ఏడాది ఆమె ఆ మాట మార్చింది. అర్థమున్న మాటను ఎవరైనా ఊహిస్తారని చదివి ఉండటం వల్ల, ఏ అర్థమూ లేని అక్షరాలూ అంకెలూ కలిపి పెట్టింది. అర్థం లేనిదాన్ని మనసు పట్టుకోలేదు. వేళ్లు పట్టుకున్నాయి.

ఆ వేళ్లకు అలవాటైంది ఆ పాత టెర్మినలు కీబోర్డు. ఎత్తైన మీటలు, గట్టి చప్పుడు. అది కాలిపోయిన శుక్రవారం ఉదయం ఆమె లాప్‌టాప్ పలచని మీటల మీద చేతులు పెట్టింది. చేతులు కదలలేదు. కొట్టింది, తప్పన్నది. మళ్లీ కొట్టింది, తప్పన్నది. వేళ్లు ఏం చేస్తున్నాయో చూద్దామని చూపు దించిన కొద్దీ అవి మరింత తడబడ్డాయి.

సరిగ్గా అప్పుడే జయంత్ గుమాస్తాల ముందు, "చిన్నమ్మా, పాస్‌వర్డ్ ఈ పొద్దు ఫెబాకి ఇచ్చేయ్," అన్నాడు. గుర్తు లేదనే మాట నోటిదాకా వచ్చి ఆగింది. దాని బదులు "ఇవ్వను" అన్న మాట వచ్చింది. దాంతో ఆమె మొండిదైంది. మొండితనం వెనక నిలబడటం ఆమెకు తేలికైంది.

ఎందుకంటే జయంత్ తల్లి ఎలా వెళ్లిపోయిందో ఆమె చూసింది. తోడికోడలైనా ఆమెను అక్కా అనే పిలిచేది. అక్కకు మతిమరుపు వచ్చిందని తెలిశాక ఇంట్లో ఎవరూ విసుక్కోలేదు, ఒక్క పరుషమైన మాట అనలేదు. అడగడం మానేశారు, అంతే. కూరలో ఉప్పెంతో అడగలేదు. పెళ్లికి ఏ చీర పెట్టాలో అడగలేదు. "నువ్వు కూర్చోమ్మా" అనేవారు. కూర్చొని, కూర్చొని, ఆమె ఒకనాటికి ఆ ఇంట్లో లేకుండా పోయింది. ప్రాణం పోయింది ఆ తర్వాత ఎప్పుడో.

పట్టుదల గలదానితో జనం పోట్లాడతారు. పోట్లాడటమంటే ఇంకా లెక్కలో ఉంచుకోవడమే. ఆ ఒక్క తేడా కోసం లక్ష్మీకాంతమ్మ ఈ వారమంతా నింద మోసింది.

*

యామిని కంచంలో అన్నం పెట్టుకొని వచ్చింది. జయంత్ భార్య. వారం నుంచి గుమ్మం దగ్గరే పెట్టి పోతున్నది, ఈరోజు లోపలికి వచ్చింది.

"చిన్నత్తా, ఆయన అన్న మాట నాకు చెప్పినాడు. ఆ మాట తప్పే."

"తప్పేముంది? అతనికట్ల తోచింది."

"మీరు తినండి ముందు."

లక్ష్మీకాంతమ్మ కంచం అందుకుంది. యామిని బల్లకు ఆనుకొని నిలబడింది.

"నేనొకటి అడుగుతా. కోపం తెచ్చుకోవద్దండి. మిషను పోయినాక మేం ఈ గది ఏం చేస్తామోనని మీకు అనుమానమా?"

"లేదమ్మా."

"మరి మా మీద నమ్మకం లేదా? నేనొచ్చి ఇన్నేండ్లైనా ఒక్కసారన్నా ఈ మిషన్ ముందర నన్ను కూర్చోబెట్టుకోలేదు మీరు. నేర్చుకుంటానని నోరు తెరిచి అడిగితిని. మల్ల చూద్దాం అంటిరి."

అది నిజం. యామిని అడిగిన రోజు వాన పడుతున్న సంగతి కూడా లక్ష్మీకాంతమ్మకు గుర్తుంది. అక్కర్లేనివన్నీ గుర్తున్నాయి.

"ఇది పాతది. నేర్చుకున్నా ఇంకెక్కడా పనికిరాదు. అందుకని చెప్పలేదు."

"పనికొస్తాదని కాదు నేను అడిగింది," అంది యామిని. ఆమె గొంతు సన్నబడింది. "మధ్యాన్నాలు ఈడ మీరొక్కరే, మేడ మీద నేనొక్కదాన్నే. అందుకడిగితి."

చెప్పేయవచ్చు. ఈ క్షణంలో, ఈ పిల్లతో చెప్పేయవచ్చు. లక్ష్మీకాంతమ్మ నోరు తెరిచింది. అంతలో యామిని, ఓదార్పుగానే, "మీరు కూర్చోండి, మజ్జిగ నేను తెస్తా," అంది.

ఆ "కూర్చోండి" చెవిన పడగానే తెరిచిన నోరు మూసుకుంది.

యామిని మజ్జిగతో తిరిగి వచ్చేసరికి లక్ష్మీకాంతమ్మ చేయి కడుక్కొని, చీర కుచ్చిళ్లు సర్దుకొని నిలబడి ఉంది.

"ఆళ్లగడ్డకు పోయొస్తా."

"ఇప్పుడా? దేనికి?"

"ఆ కొత్త లినక్స్ ఎట్లుందో చూసొస్తా. చూడకుండా ఎట్ల ఇచ్చేది?"

అబద్ధం కాదు. నిజంలో సగం. ఆళ్లగడ్డ బ్రాంచిలో విజయభాస్కర్ వాడిన టెర్మినలు ఒకటి ఉండేది. అదే కంపెనీ, అవే ఎత్తైన మీటలు. దాన్ని ఎవరూ పారేయకపోతే అటక మీద ఉండాలి.

దుకాణంలోంచి వెళ్తుంటే హనుమంతయ్య ఆమె వైపు చూశాడు. కాస్త జరిగి దారి ఇచ్చాడు. వారం నుంచి ఆయన ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు.

*

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. పక్కన ఎవరూ కూర్చోలేదు. శిరివెళ్ల దాటాక కండక్టరు మళ్లీ వచ్చి, "టికెట్ తీసుకున్యావా అవ్వా?" అని అడిగాడు. తీసుకుంది. తీసుకున్నానన్న నమ్మకం కోసం పర్సు తెరిచి చూసుకోవలసి వచ్చింది. ఇంతకు ముందు ఇలాంటివి ఆమె లెక్కపెట్టేది కాదు.

ఆళ్లగడ్డలో బ్రాంచికి ఎదురుగా శిల్పుల షెడ్డు. సగం చెక్కిన దేవుళ్లు రోడ్డు వైపు తిరిగి నిలబడి ఉన్నారు. రాయి కోసే మిషను మోత, తెల్లటి దుమ్ము. విజయభాస్కర్ ఇంటికి వచ్చేసరికి చొక్కా మీద ఆ దుమ్ము ఉండేది.

ఫెబా కుర్చీ జరిపి లేచింది. ఆళ్లగడ్డ పిల్లే. హైదరాబాదులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, తిరిగి వచ్చి ఈ ఊళ్లోనే ఇలాంటి పనులు చేస్తున్నది.

"రాండమ్మా! ఫోన్ చేసింటే నేనే వస్తాంటి కదా."

"చూపించు, ఏం చేశావో."

ఫెబా చూపించింది. బ్రాంచి బిల్లులన్నీ కొత్త మిషను మీద నడుస్తున్నాయి. తెర మీద ఆజ్ఞలు చాలావరకు లక్ష్మీకాంతమ్మకు తెలిసినవే. బంధువుల ఇంట్లో పిల్లలను చూసి పోలికలు పట్టినట్టు ఆమె వాటిని ఒక్కొక్కటే గుర్తుపట్టింది.

"దీనికి ఎంత కట్టాలి?"

"ఏం కట్టక్కర్లేదమ్మా. దీనికి యజమాని అంటూ ఎవురూ లేరు. యాడో ఒకరు బాగు చేస్తారు, అది అందరికీ. లోపలేముందో ఎవురైనా తెరిసి చూడొచ్చు."

"ఎవరైనా నేర్చుకోవచ్చు."

"అంతే కదా."

"అంటే ఏ ఒక్క మనిషి కోసమూ ఎవరూ ఆగక్కర్లేదు."

"అదే దీంట్లో మంచి," అంది ఫెబా ఉత్సాహంగా.

"మంచిదే," అంది లక్ష్మీకాంతమ్మ. ఆ మాట ఆమె మనస్ఫూర్తిగానే అన్నది. మంచిదని తెలిసే ఒకప్పుడు దానికోసం బావ హనుమంతయ్యతో వాదించింది. మంచిది కావడం వల్ల బాధ ఏమీ తగ్గలేదు.

ఆమె కుర్చీ ఫెబా వైపు జరుపుకుంది. తర్వాత అంది, "ఫెబా, నాకు పాస్‌వర్డ్ గుర్తు లేదు."

పరాయి పిల్లతో చెప్పడం ఇంత తేలికని ఆమె అనుకోలేదు.

ఫెబా జాలి పడలేదు. "ఇంట్లో తెలుసా?" అని మాత్రం అడిగింది.

"తెలీదు. మొండిదాన్ననుకుంటున్నారు. అట్లే అనుకోనీ. ఆ అటక మీద పాత టెర్మినలు ఉందేమో చూడు. ఆ మీటలైతే నా వేళ్లకు తెలుసు."

ఉంది. ఫెబా స్టూలెక్కి దింపి, దుమ్ము తుడిచింది. "మా అవ్వగూడా ఇంతేనమ్మా. చర్చి పాట మాటలు చెప్పమంటే ఒక్కటీ రాదు. పాడమంటే చివరిదాకా పాడుతుంది. కొట్టండి, నేను వేళ్లు చూస్తా."

కరెంటు లేని కీబోర్డు మీద లక్ష్మీకాంతమ్మ చేతులు పెట్టింది. మీటల ఎత్తు అదే. గట్టితనం అదే. కళ్లు మూసుకుంది.

వేళ్లు మొదలుపెట్టి, మధ్యలో నిలిచిపోయాయి. మళ్లీ మొదలుపెట్టి, మరోచోట నిలిచిపోయాయి.

"ఒకసారి కొట్టినట్ల ఇంగోసారి లేదమ్మా," అంది ఫెబా మెల్లగా.

ఇక మిగిలిన ఆశ కూడా పోయిందనుకుంటున్నప్పుడు ఆమె ఫోను మోగింది. హనుమంతయ్య. ఆయన ఎన్నడూ ఆమెకు ఫోను చేసి ఎరగడు.

"బావా?"

"చేరినావా కాంతమ్మా?"

"చేరినా."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆయన అడిగాడు. "నీకు గుర్తు లేదు కదా?"

లక్ష్మీకాంతమ్మ ఫోను చెవికి మరింత దగ్గరగా పెట్టుకుంది.

"ఇన్నేండ్లు పొద్దున్నే దేవునికి హారతిచ్చి గంట కొడతా. గోడకవతల నువ్వు టకటకమని కొడతావు. ఆ సప్పుడు ఐనాకనే నేను బోణీ చేసేది. అదెట్లుంటాదో నాకు తెలీదా? ఈ వారం రోజులు, మధ్యాన్నం అందరూ పండుకున్నాక, నువ్వు కొడతాంటే ఇంటాండా. ఆ లాప్‌టాప్ మీద మెత్తగా. యాడో ఒకకాడ ఆగిపోతావు. మల్ల కొడతావు. మొండిది అట్ల కొట్టదు."

"ఎందుకు చెప్పలేదు బావా, ఎవరికీ?"

"మీ అక్కప్పుడు నాకు తెలీలేదు. తెలిసినాక అందరికీ చెప్పేస్తి. చెప్పి తప్పు చేస్తినేమోనని..." ఆయన మాట పూర్తి చేయలేదు. "ఆడ మా తమ్మునిది కీబోర్డు ఉండల్ల."

"దాని ముందే ఉన్నా. రావడం లేదు."

"గంట లేకుండా ఎట్ల వస్తాది? ఫోను పక్కన పెట్టు."

ఆమె స్పీకరు పెట్టి, ఫోను బల్ల మీద ఉంచింది. నంద్యాల దుకాణంలోని ఇత్తడి గంట, ఆళ్లగడ్డలో, రాళ్ల మోత మధ్యన, సన్నగా మోగింది.

వేళ్లు కదిలాయి. ఆగలేదు. చివరి మీట గట్టిగా పడింది.

ఫెబా ఊపిరి వదిలింది.

"అదేనమ్మా," అన్నాడు హనుమంతయ్య. "అదే సప్పుడు."

"చూసినానమ్మా, అన్నీ చూసినా," అంది ఫెబా. "చెప్పాల్నా?"

లక్ష్మీకాంతమ్మ ఉండమన్నట్టు తల ఆడించింది. ఆమె ఫోను వైపు చూస్తోంది. బావ ఎక్కడినుంచి మాట్లాడుతున్నాడో ఆమెకు తెలుసు. గంట ఆ గోడ పక్కనే ఉంటుంది. ఆ గోడ అవతలి మిషను మోత ఆ చోట ఎప్పుడూ వినిపిస్తుంది. గంట మోగి ఆగాక కూడా వినిపించాలి, కానీ వినిపించడం లేదు.

"బావా, మిషను..."

"ఆగిపోయింది," అన్నాడాయన. "నువ్వు బస్సెక్కినాక. ఫ్యాను ఊరికే తిరుగుతాంది, తెర మీద ఏమీ లేదు. ముందర గరగరమనింది, మల్ల ఆ మోత లేదు. జయంతు బ్యాంకుకు పోయినాడు. ఇంగా ఎవురూ సూడలేదు. నేనే ఆ తలుపు ముందర కుర్చీ ఏసుకొని కూర్చున్యా."

ఫెబా లేచి నిలబడింది.

"అది మల్ల లేస్తాదో లేదో నాకు తెలీదు. లేయకపోతే మాత్రం నీ మీదికే వస్తాది కాంతమ్మా. బేగా ఇచ్చింటే అంతా కొత్త మిషన్లోకి పోయింటాది, ఇయ్యకపాయె, అందుకే పాయె అంటారు. అది నువ్వు మోయగలవంటే, మొండిదే అంటా నేను. నువ్వు మర్సిపోతివని చెప్పమంటే, అట్లనే చెప్తా. ఇప్పుడు గుర్తొచ్చింది కాబట్టి అదీ అక్కర్లేదంటే, నోరే తెరవను. ఏది చెప్పమంటావో నువ్వే చెప్పు."

ఎదుటి షెడ్డులో ఎవరో మిషను ఆపారు. లక్ష్మీకాంతమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది. అవి ఇంకా చివరి మీట మీదే ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఒక మనిషి గోడకవతల కూర్చొని వాటి చప్పుడు వింటున్నాడని ఆమెకు తెలియదు. ఈ వారమంతా ఒంటరిగా తప్పులు కొడుతున్నాననుకుంది.

ఆమె చేయి తీసి ఫోను అందుకుంది.

"మీరేమీ చెప్పొద్దు బావా. తలుపు ముందు నుంచి లేవండి."

"లేసి?"

"ఫోను యామినికియ్యండి. మరిచిపోయిన సంగతి నేనే చెప్తా."

మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడు వినిపించింది. తలుపు చప్పుడు. తర్వాత, నిద్రలోంచి లేచిన గొంతుతో, ఆ పిల్ల భయంగా అడిగింది.

"చిన్నత్తా? ఏమైంది?"